పెదవులు కదిపితే చాలా?

శ్రోతలకు నమస్కారం.

సహాయార్థం జరిపే సంగీత సభలంటే నాకు కొంచెం భయం. పాటల కంటే ప్రసంగాలు ఎక్కువ, పిల్లల కంటే శాలువాలు ఎక్కువ. ఈమధ్య విజయనగరంలో అలాంటి కార్యక్రమానికే వెళ్లాను. చుట్టుపక్కల బడుల నుంచి వందల మంది పిల్లలు వచ్చి మైదానంలో వరుసలు కట్టి పాడారు. వసూలైన డబ్బు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగుల రాకపోకల ఖర్చుకు. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు ఊళ్ల బాధ మీరు వినే ఉంటారు. అక్కడ ఈ జబ్బు ఇంతగా ఎందుకు వస్తున్నదో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి. చికిత్స ఉచితమే అయినా ఆటో ఉచితం కాదు. రోగికి తోడుగా వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి కూడా పోతుంది.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. పిల్లలు అంతసేపూ ఎండలోనే కూర్చున్నారు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

పాట మొదలయ్యాక మాత్రం నా భయం చాలావరకు తీరింది. మొదటి కారణం శ్రుతి. పెద్దలకు కుదిరిన శ్రుతిలో పిల్లల చేత పాడించడం మన బడుల్లో మామూలు. కింది స్వరాలకు వచ్చేసరికి పాపం గొంతు అందక గొణుగుతారు. ఇక్కడ నేర్పిన సంగీతం టీచరు అయిదు శ్రుతి, అంటే పిల్లల గొంతుకు తగ్గ ఎత్తు శ్రుతి, పెట్టించారు. చిన్న పిల్లల గొంతు హాయిగా విచ్చుకుంది. గొంతు మారుతున్న తొమ్మిదో తరగతి అబ్బాయిలకు పల్లవి మాత్రమే ఇచ్చి, చరణంలో తాళం వేయమన్నారు. తెలివైన పని.

రెండోది, ఆవిడ బల్ల ఎక్కి నిలబడి చేతులు బార చాపి తాళం వేయడం. అది ఆర్భాటం కాదు, అవసరం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మైకు నుంచి 50 మీటర్ల దూరంలో ఉన్న పిల్లకు పాట దాదాపు సెకనులో ఏడో వంతు ఆలస్యంగా చేరుతుంది. చెవిని నమ్ముకుని పాడితే వెనక వరుస వెనకబడుతుంది. అందుకే పెద్ద బృందంలో చెవి కంటే కన్ను ముఖ్యం.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పిల్లలు తప్పెటగుళ్లు ఆడారు. రొమ్ము మీద కట్టుకున్న రేకు గుల్లలను రెండు చేతులా వాయిస్తూ, గజ్జెల కాళ్లతో గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట అది. ఒక కుర్రవాడి గజ్జెల పట్టీ ఊడి కాలికి చుట్టుకుంది. ఆట ఆపకుండానే, అడుగు తప్పకుండానే, మూడో చుట్టులో దాన్ని విదిలించి గట్టు మీదికి తన్నేశాడు. ఆ సాయంత్రం అందరికంటే ఎక్కువ చప్పట్లు అతనికే.

నన్ను ఇబ్బంది పెట్టింది మరొక పిల్లవాడు. బృందగానంలో రెండో వరుస. మెడ దాకా గుండీలు పెట్టుకుని, పెదవులు అందరితో పాటు చక్కగా కదుపుతున్నాడు. కానీ ప్రతి పాదానికి ముందు మిగతా పిల్లలు ఊపిరి పీల్చుకుంటుంటే ఇతను పీల్చుకోవడం లేదు. తరువాత పలకరిస్తే, "మా బళ్లో నన్ను నోరు మాత్రం కదపమన్నారండి" అన్నాడు, ఏ ఫిర్యాదూ లేకుండా. వాళ్ల మాష్టారిని అడిగాను. "అపశ్రుతి వస్తే అతిథులు ఏమనుకుంటారండీ?" అన్నారాయన. అతిథి అప్పటికే వెళ్లిపోయారు.

వందల గొంతుల్లో ఒక గొంతు కాస్త తప్పితే పాటకు వచ్చే నష్టం ఏమీ లేదు. నిజానికి బృందగానానికి ఆ నిండుతనం వచ్చేదే గొంతులన్నీ వెంట్రుకవాసి తేడాతో కలవడం వల్ల. పైగా పాడనివ్వకుండా శ్రుతి ఎలా కుదురుతుంది? ఈతరాని వాణ్ణి గట్టు మీదే కూర్చోబెట్టి ఈత నేర్పినట్టుంది ఈ వరస.

విజయనగరంలో ఇలా జరగడం మరీ బాధ. 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు, హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులుగా ఉండగా, చదువుకోవడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని వయొలిన్ అధ్యాపకుడిగానే తీసుకున్నారు. ఘంటసాల ఇక్కడ చదువుకున్న రోజుల్లో మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, కడుపు నింపుకున్నారు. జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్లు ఆ కుర్రవాణ్ణి ఏ రాగం వచ్చునో పాడి చూపించమని అడిగి ఉండరు.

సభ అయ్యాక జరిగిన పని ఒకటి నాకు బాగా నచ్చింది. హుండీలు తెరిచి డబ్బు లెక్కపెట్టేటప్పుడు పిల్లలను కూడా కూర్చోబెట్టారు. కొట్లో తీసుకోరని ఒక అమ్మాయి పది రూపాయల నాణేలన్నీ పక్కకు తీసేస్తుంటే, అవి చెల్లుతాయని చెప్పి, సంగీతం టీచరు మళ్లీ లెక్కలో కలిపించారు. ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో, ఉద్దానానికి ఎంత వెళుతుందో ప్రతి బడిలోనూ బోర్డు మీద రాస్తామన్నారు. రాశారు కూడా; టెంట్లకైన ఖర్చుతో సహా.

సెలవు. నమస్కారం.