అడగకుండానే కరెంటు కంపెనీ మారిపోతే: బ్రిటన్‌లో తప్పుడు స్విచ్, దాని వెంట వచ్చే బిల్లులు

తెరపై: మెట్ల కింద మీటర్ల అర. వరుసగా ఆరు కరెంటు మీటర్లు, ఒక్కొక్కదాని మీద బార్‌కోడుతో ఒక స్టిక్కరు.

నమస్కారం. ఇంగ్లండ్‌లోని రెడింగ్ పట్టణంలో మేము అద్దెకు ఉంటున్న ఫ్లాటుకు ఒక శీతకాలంలో, మేము ఏనాడూ సంప్రదించని ఒక ఎనర్జీ కంపెనీ నుంచి స్వాగతం పలుకుతూ ఉత్తరం వచ్చింది. చిరునామా మాదే గాని, పేరు ఉండవలసిన చోట ‘ఆక్యుపయర్’ (ఇంట్లో ఉంటున్నవారు) అని మాత్రమే ఉండడంతో ప్రకటన కాగితమని భావించి పక్కన పెట్టాము. కొన్ని వారాల తరువాత పాత కంపెనీ ఆఖరి బిల్లు, కొత్త కంపెనీ మొదటి బిల్లు వెంటవెంటనే చేతికి అందినప్పుడు గాని, మా ప్రమేయం లేకుండానే మా కరెంటు చేతులు మారిందన్న సంగతి తెలియలేదు. ఇక్కడ దీనిని ‘ఎర్రోనియస్ ట్రాన్స్‌ఫర్’, అంటే తప్పుడు స్విచ్ అంటారు. అటువంటి ఉత్తరం మీ గుమ్మంలో పడితే ఏం చేయాలో ఈ వీడియోలో వివరిస్తాను.

తెరపై: ఒక పక్క తెలంగాణ కరెంటు బిల్లు, మరో పక్క బ్రిటన్ బిల్లు.

మన ఊళ్లలో తీగలు, స్తంభాలు, మీటరు, బిల్లు అన్నీ ఒకే డిస్కమ్ చూసుకుంటుంది కాబట్టి ఈ సమస్య మన ఊహకు కూడా అందదు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో తీగలు ఆ ప్రాంతపు నెట్‌వర్క్ సంస్థవి. బిల్లు పంపేది మాత్రం మనం ఎంచుకున్న సప్లయర్. సప్లయర్ మారినప్పుడు ఇంటికి ఎవరూ రారు, తీగ మారదు, దీపం ఒక్క క్షణం కూడా ఆరదు. కంప్యూటరు నమోదులో మన మీటరు నంబరుకు ఎదురుగా ఉన్న కంపెనీ పేరు మారుతుంది, అంతే. 2022 జులై నుంచి ఈ మార్పును 5 పనిదినాల్లో పూర్తి చేసే పద్ధతి అమలులోకి వచ్చింది. సదుపాయం మంచిదే గాని, పొరపాటు కూడా అంతే వేగంగా జరిగిపోతుంది.

తెరపై: బిల్లులో గళ్లుగా ముద్రించిన 21 అంకెల నంబరు.

మన సర్వీస్ నంబరు వంటిదే ఇక్కడ కరెంటుకు ‘ఎంపాన్’, గ్యాసుకు ‘ఎంపీఆర్‌ఎన్’. బిల్లు మీద పెద్ద ‘ఎస్’ అక్షరం పక్కన గళ్లలో ఉండే 21 అంకెల్లో, కింది వరుసలోని 13 అంకెలు ఎంపాన్. వాటిలో మొదటి రెండు సాధారణంగా ప్రాంతాన్ని సూచిస్తాయి: లండన్‌కు 12, మాంచెస్టర్ ఉన్న వాయవ్య ప్రాంతానికి 16, మా రెడింగ్‌కు 20. గ్యాసు నంబరులో 6 నుంచి 10 అంకెలు ఉంటాయి. ఇవి కాక, మీటరు మీదే ముద్రించిన సీరియల్ నంబరు వేరుగా ఉంటుంది. కంపెనీలు ఇంటిని గుర్తుపట్టేది ఈ నంబర్లతోనే గాని, మన గుమ్మం మీద ఉన్న చిరునామాతో కాదు.

మా విషయంలో చిక్కు అక్కడే వచ్చింది. పాత ఇళ్లను ఫ్లాట్లుగా విడగొట్టిన భవనాల్లో, తపాలా చిరునామాలో ‘ఫ్లాట్ 2’ అని ఉన్నది మీటరు నమోదులో ‘ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్’ అని ఉండవచ్చు. పై అంతస్తులోకి కొత్తగా వచ్చిన కుటుంబం ధరలు పోల్చే వెబ్‌సైట్‌లో తమ ఇల్లు అనుకుని మా మీటరును ఎంచుకుంది. ఇందులో వారి తప్పు ఉందని నేను అనను; ఆ జాబితా చూస్తే ఎవరైనా తికమకపడతారు. కొత్తగా కట్టిన ఇళ్లలో బిల్డరు ఇచ్చిన ప్లాట్ నంబరుకూ తరువాత వచ్చిన ఇంటి నంబరుకూ పొంతన కుదరకపోవడం, 14 రోజుల గడువులో రద్దు చేసుకున్న ఒప్పందాన్ని కంపెనీ ఆపకపోవడం, గుమ్మంలోకి వచ్చిన ఏజెంటు మన అంగీకారం లేకుండా దరఖాస్తు నింపడం కూడా కారణాలే.

అయితే ఫోను చేయడానికి ముందు ఇంట్లో ఒకసారి విచారించండి. నలుగురైదుగురు విద్యార్థులు కలిసి ఉండే ఇళ్లలో, ఎవరో ఒకరు తక్కువ ధర కనిపించిందని మిగతావారికి చెప్పకుండా కంపెనీని మార్చి ఉండవచ్చు. బిల్లు తన పేరున ఉంటే ఇంటి యజమాని కూడా మార్చి ఉండవచ్చు. పాత కంపెనీ మూతపడితే నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఆ వినియోగదారులను మరో కంపెనీకి అప్పగిస్తుంది. 2021లో గ్యాసు ధరలు పెరిగి కంపెనీలు ఒకదాని వెంట ఒకటి మూతపడినప్పుడు జరిగింది అదే. ఇవేవీ తప్పుడు స్విచ్ కిందికి రావు.

తెరపై: రెండు బిల్లులు పక్కపక్కన, అంకెల కింద పెన్సిలు గీతలు.

తరువాత పాత బిల్లు, కొత్త ఉత్తరం పక్కపక్కన పెట్టుకుని, 13 అంకెలనూ ఒక్కొక్కటిగా పెన్సిలుతో గీత పెడుతూ పోల్చండి. రెండు చోట్లా ఒకే ఎంపాన్ ఉంటే మీ మీటరు నిజంగానే కొత్త కంపెనీకి పోయింది. వేరుగా ఉంటే ఆ కంపెనీ దగ్గర ఉన్నది ఇంకొకరి మీటరు, ఉత్తరం మాత్రమే మీ ఇంటికి వచ్చింది. ఈ రెండో సందర్భంలో పరిష్కారం చాలా తేలిక. ఆ పైన మీటరు దగ్గరకు వెళ్లి, సీరియల్ నంబరు, రీడింగు రెండూ ఒకే ఫొటోలో పడేలా తీసుకోండి. ఇది మొదటి రోజే చేయవలసిన పని. మీటరు మీదేనా అన్న అనుమానం ఉంటే ఇంట్లోని ఫ్యూజు బాక్సులో మెయిన్ స్విచ్ ఆపి చూడండి. మీటరు మీద మినుకుమనే ఎర్ర దీపం ఆగిపోతే అది మీదే. మినుకుమంటూనే ఉంటే మీరు పొరుగువారి మీటరుకు డబ్బు కడుతున్నారేమో పరిశీలించాలి.

ఫిర్యాదు రెండు కంపెనీలలో దేనికైనా చేయవచ్చు గాని, ముందుగా పాత కంపెనీకి చేయడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే మిమ్మల్ని వెనక్కి తీసుకోవలసింది వారే. ‘బిల్లు తప్పు వచ్చింది’ అని చెప్పకండి. అలా చెబితే కాల్ మామూలు బిల్లింగ్ విభాగానికి పోతుంది. ‘ఇది ఎర్రోనియస్ ట్రాన్స్‌ఫర్, నేను అంగీకరించలేదు’ అనే మాటలే వాడండి. ఆ మాట వినబడిన తరువాత కంపెనీల మీద గడువులు పడతాయి: స్విచ్ తప్పా కాదా అన్నది రెండు కంపెనీలూ 20 పనిదినాల్లోగా తేల్చుకోవాలి, మిమ్మల్ని వెనక్కి మారుస్తున్నట్టు కూడా 20 పనిదినాల్లోగా తెలియజేయాలి. తేదీ, సమయం, రిఫరెన్స్ నంబరు రాసుకుని, అదే రోజు అదే విషయం ఈమెయిల్‌లో పంపండి. బ్యాంకు ఖాతా నుంచి బిల్లు దానంతటదే కట్టే పాత డైరెక్ట్ డెబిట్‌ను తొందరపడి రద్దు చేయకండి. కొత్త కంపెనీకి బ్యాంకు వివరాలు ఇచ్చి ఖాతా తెరవకండి.

తెరపై: రెండు అంకెలు, 18,960 మరియు 18,210.

ఇక డబ్బు లెక్క. మా పాత కంపెనీ 18,960 అనే అంచనా రీడింగుతో ఆఖరి బిల్లు వేసింది. కొత్త కంపెనీ బిల్లు 18,210 దగ్గర మొదలయింది. నడుమ ఉన్న 750 యూనిట్లకు ఇద్దరూ డబ్బు అడిగారు, వాటికి తోడు ఇద్దరూ, వాడకంతో సంబంధం లేకుండా పడే రోజువారీ స్టాండింగ్ ఛార్జి వేశారు. నియమం ప్రకారం మీరు అసలు మారనే లేదన్నట్టుగా పాత కంపెనీ ఖాతాను కొనసాగించాలి; కొత్త కంపెనీ తన బిల్లులు ఉపసంహరించుకుని, కట్టించుకున్నది తిరిగి ఇవ్వాలి. ఒకే యూనిట్‌కు రెండుసార్లు కట్టనక్కరలేదు. అలాగని ఆ నెలల కరెంటు ఉచితమని భావించకండి. మీరు వాడినది పాత కంపెనీకి ఒక్కసారి కట్టవలసిందే. వెనక్కి వెళ్లిన తరువాత కొన్ని నెలల బిల్లు ఒకేసారి వచ్చి పడుతుంది కాబట్టి, వాయిదాలు అడగండి. మీ తప్పు లేకుండా బిల్లు ఆలస్యమైతే, 12 నెలలకు ముందు వాడినదానికి డబ్బు అడిగే హక్కు 2018 నుంచి కంపెనీలకు లేదు.

తప్పుడు స్విచ్‌కు పరిహారం కూడా ఉంది. 2019లో 30 పౌండ్లుగా మొదలైన ఆ మొత్తాన్ని 2025 జనవరి నుంచి 40 పౌండ్లు చేశారు. అడగకపోయినా ఇవ్వాలి, అయినా అడగండి.

8 వారాలు గడిచినా తేలకపోతే, లేదా ఇక తాము చేయగలిగింది లేదని తెలిపే ‘డెడ్‌లాక్’ ఉత్తరం కంపెనీ అంతకుముందే ఇస్తే, ఇటువంటి వివాదాలపై తీర్పు చెప్పే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లవచ్చు. రుసుము లేదు, డెడ్‌లాక్ ఉత్తరం వచ్చిన 12 నెలల్లోగా వెళ్లాలి, వారి తీర్పును మీరు అంగీకరిస్తే కంపెనీ దానికి కట్టుబడాలి. ఉత్తరాలు ఎలా రాయాలో తెలియకపోతే ఇంగ్లండ్, వేల్స్‌లలో సిటిజన్స్ అడ్వైస్, స్కాట్లండ్‌లో అడ్వైస్ డైరెక్ట్ స్కాట్లండ్ సహాయం చేస్తాయి. ఈ లోపు వసూలు ఏజెన్సీ నుంచి ఉత్తరం వస్తే భయపడి కట్టేయకండి. బాకీ వివాదంలో ఉందని రాతపూర్వకంగా తెలిపి, మన అప్పులు, చెల్లింపుల చరిత్ర ఉండే క్రెడిట్ ఫైలులో తప్పు నమోదు పడిందేమో చూసుకోండి. మన పిల్లలు ఎందరో ఆ ఉత్తరాల భయంతోనే తమది కాని బాకీని కట్టేస్తున్నారు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

తెరపై: మళ్లీ మీటర్ల అర.

మా సవరణ బిల్లు వచ్చినప్పుడు అందులోని రీడింగు మేము మొదటి రోజు తీసిన ఫొటోతో సరిపోయింది. ఆ ఆదివారం పై అంతస్తువారు, మేము కలిసి ఈ అర తెరిచి, ఒక్కో ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపుతూ ఏ దీపం ఆగుతుందో చూసుకుని, ఆరు మీటర్ల కిందా ఫ్లాటు నంబర్లు రాసి అంటించాము.