బొక్క పైసతో మొదలుపెట్టినం

శ్రీను: నమస్తే, నల్లగొండ నుంచి మేమే. ఇయ్యాల ముచ్చట రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి బ్రిటిష్ బొక్క పైస. 1943ల వచ్చింది, 1947 దాక కొట్టిండ్రు. రాగి యుద్ధానికి కావాలె, అందుకే నడిమిట్ల బొక్క పెట్టిండ్రు. పాత పైస 4.86 గ్రాములుంటే ఇది రెండు గ్రాముల దగ్గర్నే. 1942ల అణా, అర్ధణా కూడ నికెల్ ఇత్తడికి మారినయి...

యాదన్న: అంచు చెప్పలే నువ్వు.

శ్రీను: బొక్క పైసకు అంచేంది అన్నా?

యాదన్న: రూపాయికుంది గద. 1940ల వెండి 91.7 నుంచి 50 శాతానికి దించిండ్రు. మిగిలింది 40 రాగి, 5 నికెల్, 5 జింకు. అంచు గీతల నడుమ గాడి తీసిండ్రు, దొంగ రూపాయిలు పోయకుండ. తూకం మాత్రం అదే, 11.66 గ్రాములు. కాటా మీద పెట్టి ‘మంచి వెండి’ అంటే నమ్మొద్దు.

శ్రీను: మరెట్ల తెల్వాలె?

యాదన్న: నీళ్లల్ల తూచాలె. 0.01 గ్రాము చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్న చెయ్యి. రూపాయిని సన్న దారంతోని నీళ్లల్ల వేలాడదియ్యి, అడుగుకు గాని గోడకు గాని తాకొద్దు. పాత వెండైతే 1.13 గ్రాముల సుట్టు వస్తది, యుద్ధకాలందైతే 1.22.

శ్రీను: బుడగలు అంటుకుంటే?

యాదన్న: అంకె పెరుగుతది, మంచి వెండి కూడ తక్కువ రకం లెక్క కనపడ్తది. నీళ్లల్ల ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఎయ్యి. అరిగిన రూపాయైతే ముందు బయట తూచి, ఆ బరువును ఈ అంకెతో భాగించు. 10.3 వస్తే పాతది, 9.5 వస్తే కొత్తది.

శ్రీను: 1939 రూపాయిలకు గిది పనికొస్తదా?

యాదన్న: సగమే. 1939ది అరుదు, అందుకే 1938ల 8ని 9 చేసి అమ్ముతరు. అదీ పాత వెండే, నీళ్లల్ల దొరకదు. పది రెట్ల అద్దంతోని ఆఖరి అంకె చుట్టు గీకిన జాడ చూడాలె. అంచు కూడ...

శ్రీను: అంచు సరే! పైస సంగతి?

యాదన్న: ఆగు తమ్మీ. మన దిక్కు పాత డబ్బాల కల్దారొక్కటే, అంటే ఇంగ్లీషోళ్ల రూపాయొక్కటే ఉంటదా? నిజాం కొట్టిన హాలీ సిక్కా ఏది?

శ్రీను: ఇయ్యాల బ్రిటిష్ నాణేలనుకున్నం.

యాదన్న: నల్లగొండ నిజాం రాజ్యంల ఉండె. 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల (పై అంటే అణాల పన్నెండో వంతు) హాలీ. అవుతల గుంటూరు, కృష్ణా జిల్లాలు ఇంగ్లీషోళ్లయి. అందుకే ఒక్క డబ్బాల రెండూ కలిసుంటయి. హాలీ ఇడిస్తే లెక్క సగమే.

శ్రీను: పద్నాలుగో ఎపిసోడ్ల పెట్టుకున్న హాలీ పంచాయితీ మళ్ల షురూ చెయ్యకు.

యాదన్న: చేస్త. హాలీల చార్మినార్ బొమ్మున్న రూపాయి 11.18 గ్రాములు, మొదట వెండి 81.8 శాతం. హిజ్రీ 1361 నుంచి అదీ సగానికి దిగింది. ఈడనే జనం తప్పుతరు. పాత భూమి పట్టాల మీద ఫస్లీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, చూసి చూసి, రూపాయి మీదిది కూడ ఫస్లీ అనుకుంటరు. ఫస్లీకి 590 కలిపితే 1951 అయితది, అప్పటికి నిజాం రాజ్యమే లేదు. హిజ్రీ 1361 అంటే 1942. యుద్ధం నడిమిట్ల.

శ్రీను: ...అంటే అదీ యుద్ధం రూపాయే.

యాదన్న: గదే నేననేది.

శ్రీను: సరే, ఒప్పుకున్న. మరి గా సగం వెండి రూపాయిలు ఏమైనయి?

యాదన్న: యుద్ధంల అమెరికా మనకు 22.6 కోట్ల ఔన్సుల వెండి అప్పిచ్చింది. మల్ల వెండే కట్టాలె. గందుకని ఆ నాణేలనే వాపస్ తీసుకొని, కలకత్తా అలీపూర్ల కరిగించి వెండి తీసిండ్రు. ఎన్ని మంచి అచ్చులు పోయినయో తల్చుకుంటే పానం తరుక్కపోతది.

శ్రీను: ఇప్పుడు ఇండ్లల్ల ఉన్నయన్న ఆగం కావొద్దు. చింతపండుతోని తోమకుండ్రి. నికెల్ ఇత్తడి అణా మీద పులుపు పడితే జింకు కరిగి ఎర్ర మచ్చలు తేల్తయి, మల్ల పోవు.

యాదన్న: మెత్తటి ప్లాస్టిక్ కవర్ల కూడ పెట్టొద్దు, ఆకుపచ్చ జిగట పడ్తది. పడితే అసిటోన్ల ముంచాలె, రుద్దొద్దు. కిటికీ తెరిచిపెట్టుండ్రి, పొయ్యి దగ్గర వద్దు.

శ్రీను: లాహోర్ టంకసాల గుర్తు ఏందని ఒకలు అడిగిండ్రు.

యాదన్న: 1944, 1945 రూపాయిలకు వెనకవైపు అడుగున చిన్న ‘ఎల్’ అక్షరం. బొంబాయికి చుక్క గాని డైమండ్ గాని. దాంతో పాటు అంచు...

శ్రీను: అంచు వచ్చేవారం, అన్నా.