ఏ వల చంపింది, ఏ దిమ్మ ఆపింది: వాకీటా లెక్కలు

అందరికీ నమస్కారం.

వాకీటా అనే చిన్న సముద్ర జంతువు సంగతి తర్వాత. ముందు వల సంగతి చూద్దాం. సన్నటి నైలాన్ పోగుతో అల్లిన వల. పై తాడుకు బెండ్లు, కింది తాడుకు సీసపు గుళ్లు. నీళ్లలో వదిలితే తెరలా నిటారుగా నిలబడుతుంది. చేప తల వల కన్నులో, అంటే వల రంధ్రంలో, దూరుతుంది, ఒళ్లు దూరదు. వెనక్కి వద్దామనుకునేసరికి మొప్పల దగ్గర పోగు పట్టేస్తుంది. దీన్నే గిల్‌నెట్ అంటాం. చవక, తేలిక, ఇంజన్‌తో లాగే పని లేదు, వదిలేసి ఇంటికొచ్చి పడుకోవచ్చు. ప్రపంచంలో చిన్న మత్స్యకారుడు ఎక్కడున్నా ఈ వల ఉంటుంది. మన తీరంలో అయితే ఊరూరా ఉంది.

ఇప్పుడు ఆ వల ముందుకు వాకీటాను తెద్దాం. మెక్సికోలో కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తరపు కొసన, కొలరాడో నది కలిసే బురద నీళ్లలో మాత్రమే బతికే పార్పాయిస్ ఇది. పార్పాయిస్ అంటే డాల్ఫిన్‌కు దగ్గర చుట్టమే కానీ ముక్కు పొడుచుకు రాదు, పళ్లు కోసుగా కాక చిన్న పారల్లా ఉంటాయి. వాకీటా పొడవు మహా అయితే మీటరున్నర. కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయాలు, పెదవులకూ అదే నలుపు, ఒంటికి పెద్దదనిపించే వీపు రెక్క. ఆ పేరుకు స్పానిష్‌లో చిట్టి ఆవు అని అర్థం. శాస్త్రానికి దీని సంగతి తెలిసిందే 1958లో, అదీ దొరికిన పుర్రెలను బట్టి.

వాకీటా చేప కాదు, ఊపిరికి పైకి రావాలి. దారి వెతకడానికి అది 130 కిలోహెర్ట్జ్‌ చుట్టుపక్కల, మన చెవికి అందని క్లిక్ శబ్దాలు వదులుతుంది. గోడకో రాతికో తగిలి వచ్చే ప్రతిధ్వని గట్టిగా వినిపిస్తుంది. నీళ్లలో నానిన సన్నటి నైలాన్ పోగు నుంచి వచ్చేది చాలా బలహీనం. అందులోనూ వల నిండా చేపలు కొట్టుకుంటూ ఉంటే, దానికి అది తిండి పెట్టిన బల్లలా కనిపిస్తుంది. ముట్టె తగిలిందా, బెదిరి గింజుకుంటుంది. గింజుకున్నకొద్దీ పక్క రెక్కలకూ తోకకూ పోగు చుట్టుకుంటుంది. వల కింది అంచు గుళ్ల బరువుతోనో లంగరుతోనో అడుగున పాతుకుని ఉంటుంది కాబట్టి దాన్ని ఎత్తుకుని పైకి రాలేదు. కొద్ది నిమిషాల్లో ఊపిరాడక పోతుంది. ఎవరూ దాన్ని వేటాడలేదు. అది ఎవరికీ అమ్ముడుపోయే సరుకూ కాదు.

ఏ కన్ను వల ప్రమాదం అని తరచుగా అడుగుతారు. రొయ్యకు వాడేది 7 సెంటీమీటర్ల దరిదాపు కన్ను, కొర్వీనా చేపకు దానికి రెట్టింపు, తొతవాబా అనే పెద్ద చేపకు 20 నుంచి 30 సెంటీమీటర్లు. వాకీటాకు ఇవన్నీ ప్రమాదమే. అన్నిటికంటే ఘోరమైనది చివరిది. పోగు లావు, తెంచుకోలేదు. కన్ను పెద్దది, తల పూర్తిగా దూరుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. పార్పాయిస్ జాతులు ఎంత బాగా పెరిగినా ఏడాదికి సుమారు 4 శాతమే పెరుగుతాయి. తల్లి ఒక్కసారికి ఒక్క పిల్లనే కంటుంది. 1997 సర్వేలో వాకీటాలు 567 ఉన్నాయని అంచనా. 4 శాతం అంటే ఏడాదికి 22 లేదా 23 అదనం. కానీ 1990ల తొలి సంవత్సరాల్లో ఎల్ గోల్ఫో దె సాంతా క్లారా అనే ఒక్క రేవు పడవలే ఏడాదికి 39 వాకీటాలను చంపుతున్నట్టు అంచనా తేలింది. పక్కనున్న సాన్ ఫెలిపే రేవును కలపకుండానే. వడ్డీ 22, ఖర్చు 39. ఈ ఖాతా ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. 2008లో 245. 2015లో 60 దరిదాపు. 2016లో 30. 2018 నాటికి 20 లోపే. 2024 సర్వేలో కంటికి కనిపించినవి 6 నుంచి 8.

2011 తర్వాత జారుడు అంత నిటారుగా ఎందుకైంది? దానికి తొతవాబా కథ తెలియాలి. ఇది గొరక చేపల కుటుంబంలోదే. రెండు మీటర్ల దాకా పెరుగుతుంది, వంద కిలోలు తూగుతుంది. దీని ఒంట్లోని గాలితిత్తిని ఎండబెట్టి చైనాలో సూప్‌కు వాడతారు. అక్కడి వాళ్లకు అలవాటైన బహాబా అనే చేప కరువయ్యాక చూపు దీని మీద పడింది. పోటీ ఎక్కువున్న ఏళ్లలో కిలో ఎండు తిత్తి పదివేల డాలర్లు దాటింది. మన కాకినాడ, అంతర్వేది వైపు కచిడి చేప ఒకటి పడితే పేపర్లో వార్త వస్తుంది, లక్షలు పలికిందని. ఆ ధర మాంసానికి కాదు, పొట్టలోని తిత్తికి. కచిడీ తొతవాబాకు దాయాదే, కుటుంబం ఒకటే. ఆ వార్త చదివినప్పుడు మెక్సికో మత్స్యకారుడికి కలిగిన ఆశ ఎలాంటిదో మనకు సులువుగానే అర్థం కావాలి.

తొతవాబా వేట 1942లో 2 వేల టన్నులు దాటింది. 1975 నాటికి 60 టన్నుల దరికి పడిపోయింది. ఆ ఏడాదే మెక్సికో ఆ వేటను నిషేధించింది. అంటే చట్టం పాతదే. కానీ చేప గుడ్లు పెట్టడానికి సింధుశాఖ కొసకు వచ్చే చలికాలం, వసంతం నెలల్లోనే వాకీటా కూడా పిల్లను కంటుంది. వల అక్కడే, అప్పుడే పడుతుంది.

దొంగ వల ఎలా వేస్తారో కాస్త దగ్గరగా చూడండి. ఏడెనిమిది మీటర్ల ఫైబర్ పడవ, అవుట్‌బోర్డ్ మోటారు. చీకటి పడ్డాక వెళ్తారు. మామూలుగా నీటిపైన తేలే గుర్తు బెండును ఈ వలకు కట్టరు, కడితే గస్తీ పడవకు కనిపిస్తుంది. వలను రెండు కొసల లంగరు వేసి పూర్తిగా ముంచేస్తారు. చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుంటారు. తర్వాతి రాత్రి వచ్చి కొక్కేల లంగరును అడుగున ఈడుస్తూ వలను తగిలించి పైకి లాగుతారు. తగలకపోతే? గస్తీ వచ్చి పారిపోతే? వల అక్కడే ఉండిపోతుంది. నైలాన్ కుళ్లదు. యజమాని లేకుండానే అది ఏళ్ల తరబడి వేటాడుతుంది. అందుకే అక్కడ వలలు వేయకుండా ఆపడం ఎంత పనో, వేసినవి వెతికి తీయడమూ అంతే పని. తీసేవాళ్లూ అదే పద్ధతి వాడారు: కొక్కేలు ఈడ్చడం, అడుగును సోనార్‌తో, అంటే శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో, చూడటం.

ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే, కాగితం మీద చాలా చేసింది. 1993లో జీవావరణ రిజర్వు. 2005లో వాకీటా శరణాలయం. 2008లో అనుమతులు వెనక్కి కొనే పథకం. 2015 ఏప్రిల్‌లో రెండేళ్ల గిల్‌నెట్ నిషేధం, 2017లో అది శాశ్వతం. 2020లో వాకీటాలు ఎక్కువగా తిరిగే సుమారు 225 చదరపు కిలోమీటర్లలో వేటే వద్దని ఉత్తర్వు.

మా దృష్టిలో 2015 నిషేధంలో రెండు లొసుగులు ముఖ్యం. మొదటిది కొర్వీనాకు ఇచ్చిన మినహాయింపు. కొర్వీనా వేటలో వలను గుంపు చుట్టూ తిప్పి, మనిషి దగ్గరుండి, వెంటనే లాగుతారు. నిజానికి ఆ పద్ధతిలో వాకీటా పడే అవకాశం తక్కువే. కానీ గిల్‌నెట్ పడవలో ఉండటం నేరం కాకుండా పోయాక, ఏ వల దేనికో గస్తీవాడు రాత్రిపూట ఎలా తేలుస్తాడు? రెండోది పరిహారం. డబ్బు చాలావరకు అనుమతి పత్రం ఉన్నవాడి పేరున పోయింది, పడవలో వల లాగే కూలీకి చేరలేదు. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, దానికి ప్రభుత్వం ఇచ్చే భృతి, జాబితాలో ఎవరి పేరుంది ఎవరి పేరు లేదు అన్న గొడవ, ఇవన్నీ చూసినవాళ్లకు ఇక విడమరిచి చెప్పక్కర్లేదు. చేతిలో డబ్బు లేని కూలీకి ఒక్క తొతవాబా తిత్తి నెలల కూలితో సమానం.

ఇంకో వాదన ఉంది. ఎగువన అమెరికా ఆనకట్టలు కట్టి కొలరాడో నీళ్లు ఆపేసింది, అందుకే వాకీటా పోతోంది, వల తప్పేం లేదు అని. నది ఎండిపోయిన మాట నిజమే, డెల్టా చితికిపోయిన మాటా నిజమే. కానీ దొరికిన కళేబరాలు బక్కచిక్కి లేవు, కడుపు నిండా తిన్నవే. 2016 మార్చిలో దొరికిన మూడింటికి శవపరీక్ష చేస్తే వలలో చిక్కి చచ్చినట్టే తేలింది. ఆకలితో చచ్చే జంతువు ఒంటి మీద వల కోతలు ఉండవు.

పట్టి తెచ్చి కొలనులో కాపాడదాం అన్న ప్రయత్నమూ జరిగింది, 2017 అక్టోబరు, నవంబరుల్లో. రెండింటిని పట్టారు. మొదటిది చిన్నది, ఒత్తిడి తట్టుకోలేకపోతోందని వదిలేశారు. రెండోది ఎదిగిన ఆడది, చనిపోయింది. అంతటితో ఆపేశారు. ఆపడమే సరైన పని.

ఇక దిమ్మల దగ్గరకు వద్దాం. 2022లో మెక్సికో నౌకాదళం ఆ వేట లేని ప్రాంతంలో 193 కాంక్రీటు దిమ్మలను దించింది. ఒక్కో దిమ్మకూ పైకి పొడుచుకొచ్చిన ఇనుప కొక్కేలు, ఎత్తు సుమారు 3 మీటర్లు. గిల్‌నెట్ అక్కడ వేస్తే కొక్కేనికి తగిలి చిరుగుతుంది, లేదా ఇరుక్కుపోతుంది. వల ఖరీదు పోతుంది. గస్తీ పడవ నిద్రపోవచ్చు, లంచం తినొచ్చు, డీజిల్ లేక ఆగిపోవచ్చు. దిమ్మకు ఈ బాధలేవీ లేవు. దిమ్మలు దించాక ఆ ప్రాంతంలో గిల్‌నెట్ వేట దాదాపు 90 శాతం తగ్గింది. ముప్పై ఏళ్ల ఉత్తర్వులు చేయలేని పని కొంత కాంక్రీటు చేసిందంటే ఒప్పుకోవడం కష్టమే, కానీ అంతే.

దిమ్మలకూ లోపాలున్నాయి. కొక్కేనికి చిక్కిన వల అక్కడే వేలాడితే అదే యజమాని లేకుండా వేటాడే ఇంకో దెయ్యం వల అవుతుంది. కాబట్టి సోనార్‌తో వరసగా చూస్తూ, చిక్కిన వలలను తీస్తూ ఉండాలి. పైగా వాకీటాకు సరిహద్దు గీత తెలియదు. నీటి అడుగున పెట్టిన శబ్ద గ్రాహకాల్లో దాని క్లిక్‌లు దిమ్మల ప్రాంతం బయటా నమోదయ్యాయి. అందుకే దిమ్మలను 2024లో ఆ బయటి నీళ్లకూ పొడిగించారు.

90 శాతం బాగానే ఉంది కదా అనకండి. 2022లో 20 వాకీటాల జన్యువులను చదివిన పరిశోధన వచ్చింది. ఈ జాతి ఎప్పుడూ చిన్న సంఖ్యలోనే బతికింది కాబట్టి రక్తసంబంధం వల్ల వచ్చే చెడు దీనికి తక్కువ అని తేలింది. వలల్లో చావు పూర్తిగా ఆగితే వాకీటా అంతరించే అవకాశం 6 శాతమే. చావు 90 శాతం తగ్గితే 27 శాతం. 80 శాతమే తగ్గితే 62. పది తలలున్న చోట ఏడాదికి వచ్చే పెరుగుదల సగం వాకీటా కూడా కాదు. ఒక్క వల, ఒక్క రాత్రి, రెండేళ్ల పెరుగుదల పోయినట్టే.

మరి ఆ ఊళ్లవాళ్లు ఏం పట్టుకుని బతకాలి? పడవతో లాగే తేలికైన చిన్న ట్రాల్ వలను రొయ్యకోసం తయారుచేశారు, తాబేలు బయటపడే ద్వారంతో సహా. పనిచేస్తుంది. కానీ డీజిల్ ఎక్కువ తాగుతుంది, చేయి తిరగడానికి కాలం పడుతుంది, గిల్‌నెట్‌కు పడినంత రొయ్య మొదట్లో పడదు. ఇంకో ఇబ్బంది, ఒకసారి ఈ వలను పరీక్షించబోతే నీళ్లలో గిల్‌నెట్‌లు అంత దట్టంగా ఉన్నాయి, లాగడానికే చోటు దొరకలేదు. కొత్త వల పరీక్షకు పాత వల అడ్డు! సినలోవా వైపు వాడే సురిపేరా అని ఇంకొకటుంది. పడవ గాలికీ పోటుకూ కొట్టుకుపోతుంటే పక్కనే వేలాడే వల నెమ్మదిగా అడుగును తడుముతుంది. ఇంధనం దాదాపు అక్కర్లేదు. కొన్ని చేపలకు గాలమూ చాలు. అసలు సమస్య ధర. వాకీటాను చంపని రొయ్యకు కొనేవాడు రూపాయి ఎక్కువ ఇవ్వనంతకాలం, డీజిల్ తేడా ఎవరో ఒకరు భరించాలి.

కొనేవాడి చేతిలో బలం ఉందని మనకు తెలుసు. వాకీటా నీళ్లలో గిల్‌నెట్‌తో పట్టిన చేపను అమెరికా కోర్టు 2018లో దిగుమతి కాకుండా ఆపింది. మన సముద్రపు రొయ్యకు 2019లో అదే దేశం తలుపు మూసింది, కారణం మన ట్రాల్ వలల్లో తాబేలు తప్పించుకునే ద్వారం లేకపోవడం.

ప్రశ్నలకు వెళ్లే ముందు మన తీరం గురించి ఒక పని మాట. మన నీళ్లలోనూ పార్పాయిస్ ఉంది, వీపు రెక్క లేనిది, బూడిదరంగు, మీటరున్నర పొడవు. ఇదీ గిల్‌నెట్‌లోనే చిక్కుతుంది. వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు. బతికి ఉండగా వలలో కనిపిస్తే ముందు తల మీది శ్వాసరంధ్రం నీటిపైన ఉండేలా పట్టండి, ఆ రంధ్రంలో నీళ్లు పోయనివ్వొద్దు. తోక పట్టి లాగొద్దు, పడవ మీదికి ఎత్తొద్దు. వల పోయినా సరే, కన్నులు కోసి ముందు పక్క రెక్కలు, తర్వాత తోక విడిపించండి. ఒంటి మీద పోగు ముక్క మిగలకుండా చూసుకుని వదలండి. చనిపోయి ఉంటే దాచకండి. పొడవు, చోటు, లోతు, వల కన్ను కొలత, వల ఎంతసేపు నీళ్లలో ఉంది, ఇవి రాసి ఫొటోతో అటవీ శాఖకు తెలపండి. ఇందాక చెప్పిన ఆ 39 ఎక్కడినుంచి వచ్చిందనుకుంటున్నారు? ఎల్ గోల్ఫోలో పడవలెక్కిన పరిశీలకులు, రేవులో మత్స్యకారులు చెప్పింది రాసుకున్నవాళ్లు కలిసి తేల్చిన లెక్క అది. మన రెక్కలేని పార్పాయిస్‌కు అలాంటి లెక్క రాసే పుస్తకం మన రేవుల్లో ఎన్నిచోట్ల ఉందో చెప్పండి, ప్రశ్నలు అక్కడినుంచే మొదలుపెడదాం.