పదిహేనేళ్ల గొంతుకి ఒపెరా ఎలా నేర్పుతారు?

[తెర మీద: ఒపెరా హాలు. వేదిక ముందు పల్లంలో ఆర్కెస్ట్రా.]

నమస్కారం. ఒపెరా అంటే కథంతా పాటలోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకం. ఈ హాల్లో పాడేవాళ్ల ముందు మైకు లేదు, గమనించారా? ఇంతమంది వాద్యకారులు వాయిస్తుంటే, ఆ మోతని దాటుకుని ఒక్క మనిషి గొంతు చివరి వరసదాకా వినబడాలి. పద్యనాటకాల్లో మైకులు రాకముందు మన నటులు పడ్డ పాట్లే ఇవి, కాకపోతే హార్మోనియం స్థానంలో పెద్ద వాద్యబృందం ఉంటుంది. మరి ఈ విద్య హైస్కూలు పిల్లలకి నేర్పొచ్చా?

నేర్పొచ్చు. కానీ ముందు గొంతు సంగతి తెలుసుకోవాలి.

[తెర మీద: గ్రాఫ్. 500 హెర్ట్జ్ దగ్గర ఒక గుట్ట, 3000 దగ్గర ఇంకోటి.]

ధ్వని సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే లెక్క హెర్ట్జ్. ఆర్కెస్ట్రా బలమంతా సుమారు 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. బాగా సాధన చేసిన గొంతులో, ముఖ్యంగా మగగొంతులో, 3000 హెర్ట్జ్ దగ్గర అదనంగా ఒక మెరుపు పుడుతుంది. అక్కడ వాద్యాల జోరు తక్కువ, మన చెవి చురుకూ ఎక్కువ. అందుకే గొంతు పైకి తేలుతుంది. అంటే గట్టిగా అరవడం వల్ల వచ్చేది కాదిది, ఏళ్ల తరబడి సాధన మీద వస్తుంది. పిల్లల్లో స్వరపేటిక ఇంకా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఆ మెరుపు కోసం తొందరపెడితే వాళ్లు గొంతు బిగించి పాడటం మొదలుపెడతారు. ఆ అలవాటు వదిలించడం చాలా కష్టం.

మగపిల్లల గొంతు ఆ వయసులో దాదాపు ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది. ఆడపిల్లలకీ గొంతు మారుతుంది, కాకపోతే మనం పట్టించుకోం. కొన్నాళ్లు స్వరంలో గాలి ఎక్కువ కలిసి వినిపిస్తుంది. మంచి గురువు ఈ మార్పుని కనిపెట్టి, నెలనెలా శ్రుతి పరిధి చూసుకుంటూ పాట మారుస్తారు. ఇటాలియన్ ఒపెరా స్వరకర్తలు వెర్డీ, పుచ్చీని రాసిన భారీ ఆరియాలు (ఒపెరాలో ఒక్కరే పాడే పాటలు) పదిహేనేళ్ల పిల్లతో పాడించి వీడియోలు పెట్టే శిక్షణ చూస్తే నాకు భయమేస్తుంది. ఆ పాత్రలకి ముప్పై దాటినవాళ్లే ఆచితూచి ఒప్పుకుంటారు. ఈ వయసుకి పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల చిన్న ఇటాలియన్ పాటలు, బృందగానం, చిన్న పాత్రలు చాలు.

[తెర మీద: సెయింట్ లూయిస్ నగరం.]

అమెరికాలో ఒపెరా థియేటర్ ఆఫ్ సెయింట్ లూయిస్‌లో ఆర్టిస్ట్స్ ఇన్ ట్రైనింగ్ అని ఒక కార్యక్రమం ఉంది. ఆ చుట్టుపక్కల హైస్కూలు పిల్లల్ని ఎంపిక చేసి, యూనివర్సిటీ స్థాయి గురువులతో పాఠాలు చెప్పిస్తారు. 2024లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో అడుగుపెట్టిన సొప్రానో (పైస్థాయిలో పాడే గాయని) జూలియా బుల్లక్ ఈ కార్యక్రమంలో నేర్చుకున్న అమ్మాయే.

లండన్‌లో డబ్ల్యూ11 ఒపెరాది ఇంకో దారి. 1971లో మొదలైన ఈ సంస్థ పిల్లలూ టీనేజర్లూ పాడటానికే కొత్త ఒపెరాలు రాయిస్తుంది. గొంతుని పాత్రకి సరిపెట్టే బదులు, పాత్రనే ఆ గొంతుకి తగ్గట్టు రాయించడం నాకు బాగా నచ్చిన పద్ధతి.

దీనికి గొప్ప ఉదాహరణ ఇంగ్లీషు స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ రాసిన 'నోయీస్ ఫ్లడ్'. బైబిల్లో నోవహు ఓడ కట్టి జంతువుల్ని జలప్రళయం నుంచి కాపాడిన కథ ఇది. 1958 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఆర్‌ఫర్డ్ చర్చిలో మొదటిసారి ఆడారు. నోవహు, ఆయన భార్య, దేవుడి గొంతు వృత్తి కళాకారులవి. ఓడెక్కే జంతువులూ పక్షులూ పిల్లలే, ఆర్కెస్ట్రాలోనూ చాలామంది పిల్లలే.

[తెర మీద: దారానికి వరసగా వేలాడదీసిన టీ కప్పులు.]

వాన మొదలయ్యే చోటు వినండి. తాడుకి రకరకాల కప్పులు కట్టి, చెక్క గరిటెతో ఒక్కొక్కటీ కొడతారు. టింగ్... టింగ్... అవే తొలి చినుకులు. వాద్యం నేర్వని పిల్లాడు కూడా ఇది వాయించగలడు, కానీ లెక్క తప్పితే వాన ముందే పడిపోతుంది. తన వంతు వచ్చేదాకా కాచుకుని, సరిగ్గా ఆ క్షణానికి కొట్టడమే అక్కడ వాడు నేర్చుకునే సంగీతం.

ఇక మన పిల్లల సంగతి. తెలుగు మాట్లాడే పిల్లలకి ఇటాలియన్ ఉచ్చారణ తొందరగా పట్టుబడుతుంది. ఇంగ్లీషు అలవాటైనవాళ్లు 'ఓ' సాగదీస్తే చివర్లో 'ఊ'లోకి జారిపోతారు. మనవాళ్లు ఓకారాన్ని ఓకారంగానే నిలుపుతారు, 'అమ్మ'లో లాంటి ద్విత్వాక్షరాలూ నోరు తిరిగినవే. కర్ణాటక సంగీతంలో చేసిన అకార సాధన, శ్రుతిశుద్ధి కూడా పనికొస్తాయి. అయితే అమ్మాయిలు అక్కడ కింది శ్రుతిలో ఛాతీ గొంతుతో పాడి ఉంటారు, ఇక్కడ పైస్థాయిలో తేలికగా పాడాలి. గమకం బదులు స్వరంలో సన్నని ఊపు కావాలి. రెండూ నేర్చుకోవచ్చు, ఒకే గంటలో కలపకండి.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లు పాశ్చాత్య గాత్రం చెప్పే గురువు దగ్గర ఏబీఆర్‌ఎస్‌ఎం, ట్రినిటీ అనే లండన్ సంస్థలు పెట్టే గ్రేడ్ పరీక్షలతో మొదలుపెట్టొచ్చు. చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలు ముందు స్కూల్ కాయిర్‌లో (బృందగానంలో) చేరితే మేలు.

సమ్మర్ క్యాంపుకి ఫీజు కట్టేముందు రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి: రోజుకి ఎన్ని గంటలు పాడిస్తారు? గొంతు మారుతున్న పిల్లలకి పాట మారుస్తారా? సరైన జవాబు రాకపోతే ఆ క్యాంపు వద్దు. పాడాక బొంగురు పోయిన గొంతు రెండు మూడు వారాలైనా తేరుకోకపోతే సాధన ఆపించి, ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.