తక్కువ తిరిగిన పాత చిన్న కారు: నాలుగేళ్లు నడిపాక నా రివ్యూ

నమస్తే అండీ. ఇది నా కారు. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. నేను కొనేనాటికే దీనికి తొమ్మిదేళ్లు నిండాయి. నాలుగేళ్లుగా దీనికి పెట్టిన ప్రతి ఖర్చూ ఈ నోటు పుస్తకంలో రాసుకున్నాను. కంపెనీ పేరు చెప్పను. నాకు జరిగిన నష్టంలో కంపెనీ తప్పు ఏమీ లేదు.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే మనం మొదట అడిగే మాట ఏంటి? "ఎంత తిరిగిందండీ?" నేనూ అదే అడిగాను. 31 వేల కిలోమీటర్లు అన్నారు. నిజమే, మీటర్ ఎవరూ వెనక్కి తిప్పలేదు. పెడల్ రబ్బర్లు అరగలేదు, స్టీరింగ్ తోలు మెరవలేదు, డ్రైవర్ సీటు అంచు కుంగలేదు. తొమ్మిదేళ్లకి 31 వేలే అంటే బంగారం దొరికిందనుకుని కొనేశాను.

నాలుగో నెలలో నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోయింది. పెద్ద శబ్దం కూడా రాలేదు. టైమింగ్ బెల్ట్ తెగింది. ఇంజన్ లోపల వాల్వులు, పిస్టన్లు సరైన వేళకి కదిలేలా కలిపి తిప్పే రబ్బరు పట్టీ అది. ఇవిగో, ఇవి ఆ ఇంజన్‌లోంచి తీసిన వాల్వులు, అంటే గాలి లోపలికి, పొగ బయటికి పోయే తలుపుల్లాంటివి. వెలుతురుకి ఎదురుగా పెడితే వంకర కనిపిస్తుంది చూడండి. బెల్ట్ తెగగానే వాల్వులు తెరుచుకున్నచోటే ఆగిపోతాయి, పిస్టన్లు పైకి వచ్చి వాటిని కొడతాయి. ఇంజన్ పైభాగం, అంటే హెడ్, విప్పాల్సి వచ్చింది. కారు కొన్న ధరలో మూడో వంతు ఆ ఒక్క రిపేరుకే పోయింది.

కారుతో వచ్చిన మాన్యువల్ పుస్తకం తీసి చూస్తే అక్కడ స్పష్టంగా రాసుంది. బెల్ట్ ఇన్ని కిలోమీటర్లకి, లేదా ఇన్నేళ్లకి, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి అని. కిలోమీటర్ల గడువు చాలా దూరంలో ఉంది. ఏళ్ల గడువు నేను కొనకముందే దాటిపోయింది. "రబ్బరుకి మీటర్ ఏం తెలుసండీ, దానికి వయసే తెలుసు" అన్నారు మా మెకానిక్. ఆ మాన్యువల్ తెరిచి ఆ ఒక్క పేజీ చూసుంటే కొనేముందే బెల్ట్ మార్పించేవాణ్ని, లేదా ధర తగ్గించమని అడిగేవాణ్ని. మీకు అలా జరగకూడదనే ఈ వీడియో చేస్తున్నాను.

కాబట్టి చిన్న కారు చూసేటప్పుడు పేరు కంటే ముందు ఇంజన్ కనుక్కోండి. ఒకే పేరున్న కారులో కూడా ఇంజన్ని బట్టి లెక్క మారిపోతుంది. మొదటి తరం హ్యుందాయ్ ఐ10 తీసుకోండి. 1.1 లీటర్ ఇంజన్‌కి బెల్ట్ ఉంటుంది, కప్పా అనే 1.2 లీటర్ ఇంజన్‌కి బెల్ట్ బదులు లోహపు చైన్ ఉంటుంది. టొయోటా యారిస్, హోండా జాజ్, సుజుకి కె-సిరీస్ పెట్రోల్ ఇంజన్లన్నీ చైన్‌వే. చైన్‌కి సాధారణంగా మార్చే గడువంటూ ఉండదు. అలాగని దాన్ని పూర్తిగా వదిలేయకూడదు. ఆయిల్ సమయానికి మార్చకపోతే చైన్ సాగుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గలగలమంటే అనుమానించండి.

మూడో రకం ఒకటుంది, దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. బెల్టే, కానీ ఇంజన్ ఆయిల్లో తడుస్తూ తిరుగుతుంది. వెట్ బెల్ట్ అంటారు. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్‌లో, ప్యూజో, సిట్రోయెన్‌ల 1.2 ప్యూర్‌టెక్‌లో ఇది వాడారు. ఆయిల్ మార్చడం ఆలస్యమైనా, కంపెనీ చెప్పిన గ్రేడ్ కాకుండా వేరే ఆయిల్ పోసినా బెల్ట్ మెల్లగా పొట్టు రాలుస్తుంది. ఆ పొట్టు వెళ్లి ఆయిల్ పంప్ జల్లెడకి అడ్డం పడుతుంది. అప్పుడు బెల్ట్ తెగకపోయినా ఆయిల్ అందక ఇంజన్ పాడైపోతుంది. ఇలాంటి కారు కొనాలనుకుంటే ప్రతి ఆయిల్ మార్పుకీ బిల్లు ఉండాలి, అందులో ఆయిల్ గ్రేడ్ రాసి ఉండాలి. అవి చూపించలేకపోతే ఆ కారు నేనైతే వదిలేస్తాను.

తక్కువ తిరిగిన కారుతో ఇంకో చిక్కు ఉంది. అది ఎలా తిరిగిందో కూడా చూడాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే నడిస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆపేస్తారు. లోపల పుట్టిన తేమ ఆవిరైపోదు, మండని పెట్రోల్ కొంచెం ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ మూత తిప్పి లోపలి వైపు చూడండి. మీగడలాంటి పసుపు తెట్టు కనిపిస్తే అది తరచుగా ఇలా నడిచిన కారు కావచ్చు. కూలెంట్ ఆయిల్లో కలుస్తున్నా అలాగే ఉంటుంది కాబట్టి కూలెంట్ ట్యాంకు, డిప్‌స్టిక్ కూడా చూసి తేల్చుకోవాలి. హైవే మీద లక్ష కిలోమీటర్లు తిరిగి, బిల్లులన్నీ ఉన్న కారు దీనికంటే మంచి స్థితిలో ఉండొచ్చు. నేను ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే అలాంటి కారే వెతుకుతాను.

మైలేజ్ సంగతికొద్దాం. ఇక్కడ మనం అనవసరంగా బుర్ర పాడుచేసుకుంటాం. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు నడిపారనుకోండి. లీటరుకి 20 ఇచ్చే కారు 500 లీటర్లు తాగుతుంది. 18 ఇచ్చే కారు 556 లీటర్లు. తేడా 56 లీటర్లు, అంటే చిన్న కారుకి దాదాపు ఒకటిన్నర ట్యాంకు. క్లచ్ సెట్ మార్చాల్సి వస్తే ఆ ఏడాది ఆదా అంతా ఒక్కరోజులో పోతుంది. అందుకే రెండు కిలోమీటర్ల మైలేజ్ కోసం క్లచ్ అరిగిపోయిన కారు కొనకండి. క్లచ్ చూడ్డం తేలిక. ఎత్తు ఎక్కుతున్నప్పుడు పై గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజన్ శబ్దం పెరిగి వేగం మాత్రం పెరగకపోతే ప్లేట్ జారుతోందన్నమాట.

డీజిల్ చిన్న కార్లు మైలేజ్ బాగా ఇస్తాయి, అది నిజం. కానీ కాస్త కొత్త డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. అందుకు కారు కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. ఊళ్లోనే తిరిగేవాళ్లకి ఆ అవకాశం దొరకదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. దానికి తోడు ఇంజెక్టర్లు, టర్బో పాడైతే ఆ ఖర్చు. మీరు రోజూ దూరం వెళ్లకపోతే డీజిల్ వద్దనే చెప్తాను.

ఆటోమేటిక్ అయితే ఏ రకమో కనుక్కోండి. ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కి గేర్లు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. అందులో మామూలు క్లచ్ ప్లేటే ఉంటుంది, అదీ అరుగుతుంది. సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా పట్టీ, పుల్లీలతో నడిచేదైతే, ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో అడగండి.

టైర్లు. ఒకే మోడల్లో టాప్ వేరియంట్‌కి పెద్ద చక్రాలు వస్తాయి, చూడ్డానికి బాగుంటాయి. టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు 16 అంగుళాలవి 14 అంగుళాల వాటికంటే బాగా ఖరీదు. ఇంకా ఇక్కడ చూడండి, టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు: 2319. అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడులు లోతుగా ఉన్నా టైరుకి ఎనిమిదేళ్లు దాటితే కొత్త టైర్ల ఖర్చు కూడా బేరంలో కలిపి అడగండి.

కారు కంప్యూటర్‌ని చదివే ఒక చిన్న స్కానర్ వెంట తీసుకెళ్లండి. స్టీరింగ్ కింద దాన్ని తగిలించే ఓబీడీ పోర్ట్ ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచి ఇది తప్పనిసరి. "ఫాల్ట్ కోడ్లు ఏమీ లేవు", అంటే కారు నమోదు చేసుకున్న లోపాలేవీ లేవు అని వచ్చిందని సంతోషపడి ఆపేయకండి. మీరు వచ్చే ముందే కోడ్లు చెరిపేసి ఉండొచ్చు. రెడీనెస్ అని ఒక పేజీ ఉంటుంది, అది తెరవండి. కోడ్లు చెరిపేస్తే కారు తన పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి, అందుకు కొన్నిసార్లు నడవాలి. చాలా పరీక్షలు "పూర్తి కాలేదు" అని ఉంటే ఎవరో ఈ మధ్యే కోడ్లు చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. ఎందుకో అడగండి. జవాబు చెప్పేటప్పుడు ఎదుటివాళ్లు తడబడితే తొందరపడకండి.

వెళ్లేముందు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మర్నాడు మళ్లీ వెళ్లండి. స్టార్టింగ్ ఇబ్బంది, నీలం పొగ, చైన్ గలగల, ఇవన్నీ చల్లటి ఇంజన్‌లోనే బయటపడతాయి. సీటు బెల్టులు చివరి దాకా లాగండి. లోపలి భాగంలో బురద గీత కనిపిస్తే ఆ కారు నీళ్లలో మునిగిందని అర్థం. వైరింగ్‌లో నీళ్లు చేరిన కారుకి ఖర్చు ఎప్పటికి ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. అక్కడితో వచ్చేయండి.

కొన్న మొదటి నెలకి విడిగా డబ్బు పెట్టుకోవాలి. బిల్లు లేకపోతే ఆ పని జరగలేదనే అనుకోండి. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ అన్నీ కొత్తవి వేయించి, ఆ తేదీ నుంచి లెక్క మొదలుపెట్టండి. బెల్ట్ ఇంజన్ అయితే బెల్ట్‌తో పాటు దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ కూడా, వాటర్ పంప్ బెల్ట్‌తోనే తిరిగేదైతే అది కూడా ఒకేసారి మార్పించండి. విప్పే కూలీ ఒక్కసారే పడుతుంది.

ఆ రిపేరు తర్వాత ఈ కారు నన్ను ఒక్కసారి కూడా దారిలో ఆపలేదు. పుస్తకంలో ఉన్నవి ఇవి: ఒక బ్యాటరీ, ముందు బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ లింక్ రాడ్లు, ఏటేటా ఆయిల్. నాకిది చాలా ఇష్టమైన కారు, ఇప్పట్లో అమ్మను. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లయింది, అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి మళ్లీ గడువొచ్చింది. వచ్చే వీడియోలో మార్పిస్తూ పాతదాని రంగు, కొత్తదాని రంగు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మీరు ఏదైనా కారు చూసి ఉంటే ఇంజన్ ఏదో, ఏ సంవత్సరందో కింద రాయండి. బెల్టా చైనా నాకు తెలిసినంతవరకు జవాబిస్తాను.