రెండు ఊయలలు, ఒక ముగింపు

లలిత: నమస్కారం. పోయిన వారం మాటిచ్చినట్టే ఈసారి వేలిముద్రలు. మార్క్ ట్వైన్ 1894లో వేసిన నవల, 'పుడ్‌న్‌హెడ్ విల్సన్'. రవీ, పడవల జోలికి వెళ్ళకుండా మొదలుపెట్టు.

రవి: పడవ లేకుండా మిసిసిపీ కథ ఎట్లా చెప్పమంటావ్ అక్కా? సరే. మిస్సోరీలో నది ఒడ్డున డాసన్స్ లాండింగ్ అని ఊరు, ట్వైన్ కల్పించిందే. 1830 ఫిబ్రవరి 1న ఒకే ఇంట్లో ఇద్దరు మగపిల్లలు పుడతారు. ఒకడు యజమాని పర్సీ డ్రిస్కాల్ కొడుకు టామ్. ఇంకొకడు ఆ ఇంటి బానిస రాక్సీ కొడుకు చాంబర్స్. యజమాని భార్య వారం తిరక్కుండానే పోయింది. ఇద్దర్నీ సాకింది రాక్సీయే.

లలిత: రాక్సీ చూడ్డానికి తెల్లగానే ఉంటుంది. 16 పాళ్ళలో 15 పాళ్ళు తెల్లవాళ్ళ రక్తమే. బిడ్డకైతే 32లో 31. అయినా బానిసే. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని వర్జీనియాలో 1662లోనే చట్టం చేశారు మరి.

రవి: ఓ రోజు ఇంట్లో కొంచెం డబ్బు పోతుంది. ఒప్పుకోకపోతే అందర్నీ నది దిగువకి అమ్మేస్తానంటాడు పర్సీ. దిగువ తోటలకి పోవడమంటే వాళ్ళకి నరకమే. ఆ డబ్బు తీసింది రాక్సీ కాదు. కానీ ఆ రాత్రి ఆమెకి కునుకు పట్టదు. బిడ్డతో సహా నదిలో దూకేద్దామనుకుంటుంది. పోయేముందు బిడ్డని ముస్తాబు చేద్దామని యజమాని కొడుకు గౌను తొడుగుతుంది. చూస్తే ఇద్దరూ ఒకేలా ఉన్నారు. మస్లిన్ గౌను, పగడాల దండ ఇటు. ముతక నార చొక్కా అటు. ఊయలలు మార్చేసింది. అప్పట్నుంచి రాక్సీ కొడుకు టామ్, యజమాని కొడుకు చాంబర్స్.

లలిత: ఏ తల్లైనా అదే చేస్తుంది.

రవి: నేను ఒప్పుకోను. రెండో ఊయలలో ఉన్నదీ ఏడు నెలల పసివాడేగా?

లలిత: ఆ ఊయల అట్లా ఉండాలని రాసింది ఎవరు? రాక్సీనా?

రవి: కాదు. కానీ వాడి గురించి ఎవరూ అడగరు, ట్వైన్ కూడా. ముగింపు చూడు...

లలిత: ముగింపుకి అప్పుడే వెళ్ళకు! పెంపకం సంగతి చెప్పు.

రవి: సరే. దొరబిడ్డగా పెరిగినవాడికి అడిగిందల్లా ఇచ్చారు. కొరికినా రక్కినా ఎవరూ ఏమనలేదు. ఇంకొకడికి జావ, చక్కెర లేని పులిసిన పాలు. పెద్దవాడైతే బలం వచ్చింది, కానీ ఆ బలం చిన్నదొరకి కాపలా కాయడానికే. ఓసారి తిరగబడ్డాడు. అట్లా మూడుసార్లు. మూడుసార్లూ పర్సీ బెత్తంతో బాదాడు. వాడు తన సొంత కొడుకని పర్సీకి తెలియదు.

లలిత: (నిట్టూర్పు) అది చదివి పుస్తకం మూసేశాను నేను.

రవి: నదిలో మునిగిపోతున్న టామ్‌ని వాడే కాపాడతాడు. మిగతా పిల్లలు ఎగతాళి చేస్తే టామ్ వాణ్ణే కత్తితో పొడుస్తాడు. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. ఆ సామెత మొక్కనే అంటుంది, వంచిన చేతిని అడగదు.

లలిత: రాక్సీ చేయి కూడా వంగిపోయింది రవీ. తన కొడుకుని రోజూ దొర, దొర అని పిలిచీ పిలిచీ నిజంగానే వాడి ముందు వణికే స్థితికి వచ్చింది. వాడి అప్పు తీర్చడానికి తనని మళ్ళీ అమ్ముకోమని ఆమే అంది. వాడు 600 డాలర్లకి అమ్మేశాడు. అది కూడా నది దిగువకే. దేనికి భయపడి ఊయల మార్చిందో, అక్కడికే.

రవి: ...

లలిత: ఇంకోటి. వాడు పిరికివాడై ద్వంద్వయుద్ధానికి వెనకాడితే, ఆ పిరికితనం నీలోని నల్ల రక్తం అంటుంది. తల్లే అంటుంది! బానిసతనం ఎంత లోపలికి పోయిందో చూడు.

రవి: కొందరు ఆ మాట పట్టుకుని రక్తమే కారణం అంటారు. కానీ అసలు తెల్లబిడ్డ వినయంగా, బెదురుతూ పెరిగాడు కదా? పెంపకమే.

లలిత: వేలిముద్రలు?

రవి: ఆ... విల్సన్ అంటే ఆ ఊరి లాయరు, గాజు పలకల మీద ఇద్దరి ముద్రలూ మార్పిడికి ముందే తీసి పెట్టుకున్నాడు. తర్వాత టామ్ చేసిన ఒక హత్య కేసులో అవే అసలు సంగతి బయటపెట్టాయి. వేలిముద్రల మీద ఇంగ్లండ్ శాస్త్రవేత్త గాల్టన్ పుస్తకం 1892లో వచ్చింది, ట్వైన్ చదివాడు. అంతకుముందే 1858లో బెంగాల్‌లో హెర్షెల్ అనే బ్రిటిష్ అధికారి ఒక ఒప్పందం మీద చేతి ముద్ర వేయించుకున్నాడు. అంతే. ఇప్పుడు ముగింపు.

లలిత: చదువు.

రవి: 23 ఏళ్ళు వచ్చాక చాంబర్స్‌కి ఆస్తి వచ్చింది, పేరు వచ్చింది. చదవడం రాదు, రాయడం రాదు. తెల్లవాళ్ళ హాల్లో కూర్చుంటే భయం. వంటింట్లోనే ఊపిరి ఆడుతుంది. చర్చిలో కుటుంబం బెంచీ మీద కూర్చోలేడు, బానిసలు కూర్చునే పై గ్యాలరీకి ఇక వెళ్ళలేడు. అతని సంగతి చెప్పుకుంటూ పోతే పెద్ద కథవుతుందని ట్వైన్ అక్కడ వదిలేస్తాడు. బానిసత్వం పోయి దాదాపు 30 ఏళ్ళయ్యాక రాస్తూ కూడా వదిలేశాడు! ఆ కథే నాకు కావాలి అక్కా.

లలిత: రాక్సీకి ఆ తర్వాత అతనే నెలనెలా డబ్బిచ్చాడు, తెలుసా?

రవి: తెలుసు. ఎందుకిచ్చాడంటావ్?

లలిత: పెంచింది ఆమేగా. పాలిచ్చింది కూడా... ఉండు, బయట ఎవరో బెల్ కొడుతున్నారు.