చిన్న రైలు దారి వెంట

అందరికీ నమస్కారం. నౌపడ ఉప్పుమడుల దగ్గర్నుంచి అటు పాతపట్నం దాకా ఎక్కడెక్కడి నుంచో ఓపిక చేసుకుని వచ్చారు. మీలో నలభై దాటిన వాళ్ళందరూ మన చిన్న రైలు ఎక్కినవాళ్ళే. అందుకే ఎక్కడో ఇంగ్లండులో నేను చూసొచ్చిన ఇంకో చిన్న రైలు గురించి మీకు చెబితే బాగుంటుందనిపించింది.

మా నాన్న మన లైను మీద కీమన్‌గా చేశారు. ముందు వరసలో పిల్లలున్నారు గనక కీమన్ అంటే ఏమిటో చెబుతాను. పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మని స్లీపరు అంటారు, పట్టా కదలకుండా దానికి బిగించి ఉంచే ఇనుప ముక్కని కీ అంటారు. బండి వెళ్ళినప్పుడల్లా ఆ అదురుకి కీలు కొద్దికొద్దిగా వదులవుతాయి. కీమన్ పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని తన బీటంతా, అంటే తనకి అప్పగించిన లైను మేరంతా, కాలినడకన తిరిగి, వదులైనవాటిని కొట్టి బిగించాలి. నాన్న వంగి చూసేవారు కాదు. సుత్తితో తట్టేవారు. బిగువుగా ఉన్నది ఠంగుమనేది, వదులైనది మొద్దుగా మోగేది. సెలవుల్లో నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. ఎదురుగా మహేంద్రగిరి, పక్కన వరిచేలు, ముందు నాన్న వీపు. నా చిన్నతనమంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే.

ఆ లైను పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతి వేయించింది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి బళ్ళు మొదలయ్యాయి, 1931కి గుణుపురం చేరింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. 2004 జూన్‌లో బ్రాడ్‌గేజి చేయడానికి దాన్ని ఆపేశారు. ఆఖరి బండి చూద్దాం రమ్మంటే నాన్న రానన్నారు. గోడవైపు తిరిగి పడుకున్నారు. పెద్ద బండి రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. 2010లో పర్లాకిమిడికి, ఆ మరుసటేడు గుణుపురానికి వచ్చింది కూడా. దానివల్ల మన ఊళ్ళకి జరిగిన మేలు మీకు తెలుసు. కానీ నాన్న ఆ రోజు ఎందుకు రాలేదో నాకు అర్థం కావడానికి పదిహేనేళ్ళు పట్టింది. అర్థమైంది ఇక్కడ కాదు, డెవన్‌లో.

ఇంగ్లండుకి నైరుతి మూలన, సముద్రం ఒడ్డున ఉంటుంది డెవన్. దాని ఉత్తర కొసన బార్న్‌స్టేపుల్ అనే పట్నం నుంచి లింటన్ అనే కొండ ఊరికి 1898లో ఒక చిన్న రైలు వేశారు. మన లైనుకి రెండేళ్ళు పెద్దది. పట్టాల మధ్య ఎడం రెండడుగులకి అరంగుళం తక్కువ. పొడవు పంతొమ్మిది మైళ్ళు. ఎక్స్‌మూర్ కొండలెక్కి దిగుతూ ఆ పంతొమ్మిది మైళ్ళకి గంటన్నర పట్టేది. దీని వెనక ముఖ్యంగా ఉన్నది సర్ జార్జ్ న్యూన్స్ అనే పత్రికాధిపతి. షెర్లాక్ హోమ్స్ కథలు అచ్చేసిన స్ట్రాండ్ పత్రిక ఆయనదే. ఆయనకి లింటన్‌లో ఇల్లుంది, ఆ ఊరంటే ప్రాణం. ఆ ప్రాణమే ఒక తప్పు చేయించింది. ఊరి అందం చెడకూడదని స్టేషన్ని ఊళ్ళో కనబడకుండా ఎక్కడో పైన కొండవాలున కట్టారు. దిగినవాళ్ళు సామాన్లు మోసుకుని కిందికి రావాలి. 1920లు వచ్చేసరికి బస్సులూ కార్లూ ఇంటి గుమ్మం ముందు దింపడం మొదలుపెట్టాయి. అలాంటప్పుడు కొండమీద స్టేషనుకి ఎవరెళతారు? 1923లో సదరన్ రైల్వే చేతికొచ్చింది, వాళ్ళు డబ్బు ఖర్చుపెట్టి బాగుచేశారు కూడా. నష్టం మాత్రం తగ్గలేదు. మూసేయొద్దని బార్న్‌స్టేపుల్‌లో సభ పెడితే లింటన్ పెద్దమనుషులు ఆ సభకి కార్లలో వచ్చారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

1935 సెప్టెంబరు 29న ఆఖరి బండి నడిచింది. మర్నాడు బార్న్‌స్టేపుల్‌లో పట్టాల చివరి అడ్డుదిమ్మ దగ్గర ఒక పూలదండ కనబడింది. ఆ లైను మీదే ఉన్న వుడీ బే దగ్గర ఉండే రిటైరైన నౌకాదళ కెప్టెన్ ఒకాయన పెట్టింది. దానికి కట్టిన కార్డు మీద, 'బహుశా ఇది చనిపోలేదు, నిద్రపోతోంది' అని రాసుంది. అది బైబిల్లో యాయీరు కూతురి గురించి యేసు చెప్పిన మాట. మన తెలుగు బైబిల్లో ఆ చోట 'ఈ చిన్నది' అని ఉంటుంది. చిన్న రైలుకి ఆ మాట ఎంత అతికిందో చూడండి.

కానీ ఆ తర్వాత రెండు మూడు నెలల్లోనే అంతా వేలం వేశారు. మరుసటి ఏడాదికి పట్టాలు పీకేశారు. అయిదు ఇంజన్లుండేవి, అన్నిటికీ అక్కడి ఏళ్ళ పేర్లే: యో, ఎక్స్, టా, లిన్, లూ. నాలుగింటిని తునాతునకలు చేసి పాత ఇనుముకి అమ్మారు. లూ అనే ఇంజనుతోనే పట్టాలు పీకే పని చేయించి, 1936 సెప్టెంబరులో ఓడ ఎక్కించి బ్రెజిల్ పంపేశారు. రెసీఫే రేవు దాటాక అది ఏమైందో ఈనాటికీ తేలలేదు. దానికోసం వెతికేవాళ్ళు ఇంకా ఉన్నారు.

మా అమ్మాయి బ్రిస్టల్‌లో ఉంటుంది. 2019 వేసవిలో నేను వెళ్ళినప్పుడు, 'నాన్నా, తాతయ్య రైలులాంటిది ఒకటుంది, చూస్తావా?' అంది. అల్లుడుగారు కారు తీశారు. వుడీ బే స్టేషను దగ్గర దిగేసరికి సన్నటి జల్లు, ఈదురుగాలి. వేయి అడుగులకి కాస్త తక్కువ ఎత్తున కొండనెత్తిన ఉందా స్టేషను. ఆకుపచ్చ తలుపులు, చెక్క బెంచీలు, పూలకుండీలు. టికెట్టు కిటికీ దగ్గరికి వెళితే లోపలున్న పెద్దావిడ నా చేతిలో అట్ట టికెట్టు పెట్టింది! మనకీ ఒకప్పుడు ఉండేవే, బొటనవేలంత పొడవున్న దళసరి అట్ట ముక్క. పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. వెనక వరస ఆగిపోయిందని అమ్మాయి భుజం తట్టింది.

ఆ టికెట్టావిడ జీతగత్తె కాదు. గార్డూ జీతగాడు కాదు, డ్రైవరూ కాదు. ఒకరు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు, ఒకరు నర్సు, ఒకరు బ్యాంకులో పనిచేస్తూ శని ఆదివారాలు వస్తారు. 1979లో ఒక సంఘంగా మొదలయ్యారు వాళ్ళు. అప్పటికి వాళ్ళ చేతిలో అడుగు పట్టా లేదు, ఒక్క పెట్టె లేదు. వుడీ బే స్టేషన్ని 1995లో కొనగలిగారు. పట్టాలు వేసి మొదటి ప్రయాణికుల్ని ఎక్కించుకున్నది 2004 జూలైలో. ఆ నెల విన్నప్పుడు నా ఒళ్ళు ఝల్లుమంది. మన బండి ఆగింది ఆ ముందు నెలలోనే. ఇక్కడ పట్టాలు లేస్తున్నప్పుడు అక్కడ పట్టాలు పడుతున్నాయి.

నేను వెళ్ళినప్పుడు నడిచేది ఎంతో కాదు, కిల్లింగ్టన్ లేన్ దాకా ఒక మైలు, మళ్ళీ వెనక్కి. మైలుకోసం ఇంత శ్రమా అని మీకనిపించవచ్చు. నేనూ అలాగే అనుకుని ఎక్కాను. పెట్టెలో కూర్చున్నాక పక్కనున్న వాలంటీరు పెద్దాయన చెక్క గోడమీద చేయి వేసి దాని కథ చెప్పారు. 1935 వేలంలో పెట్టెల్ని రైతులు కొనుక్కున్నారు. కొన్ని కోళ్ళగూళ్ళయ్యాయి, కొన్ని తోటల్లో విశ్రాంతి గదులయ్యాయి. ఒకటి చర్చి గురువుగారి పెరట్లో ఏళ్ళ తరబడి ఉండి, చివరికి యార్క్ రైల్వే మ్యూజియం చేరింది. అదే దారిలోని స్నాపర్ హాల్టు దగ్గర వదిలేసిన ఒకదాన్ని 1959లో వేల్స్‌లోని ఫెస్టినియోగ్ రైల్వే స్వచ్ఛంద కార్యకర్తలు పట్టుకెళ్ళి బాగుచేసుకున్నారు, అది ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. మిగతావాటి కోసం వీళ్ళు ఊరూరా తిరిగారు. ఎవరి పెరట్లో ఏ తలుపుందో, ఎవరి కొట్టంలో ఏ కిటికీ చట్రముందో వెతికి తెచ్చి, కింద కొత్త ఇనుప చట్రం వేసి, పుచ్చిపోయిన చెక్క మేర కొత్తది అతికారు. ఆ పెద్దాయన నా వేళ్ళు పట్టుకుని గోడమీద ఒకచోట ఆనించారు. పాత చెక్క, కొత్త చెక్క కలిసిన చోటది. కంటికి ఆనలేదు, వేలికి మాత్రం సన్నటి గీతలా తగిలింది.

ఇంజన్ల సంగతి ఇంకా గట్టిది. లూ దొరకలేదు కదా, దానిలాంటిదే ఇంకోటి కొత్తగా చేద్దామన్నారు. వేల్స్‌లోని ఆ ఫెస్టినియోగ్ రైల్వేవాళ్ళు తమ బోస్టన్ లాడ్జ్ వర్క్‌షాపులో ఏళ్ళ తరబడి చేసి 2010లో ఆవిరి పట్టించారు. దానికీ ఏటి పేరే, లిడ్ అని పెట్టారు. 1898లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి బాల్డ్విన్ కంపెనీ విడిభాగాలుగా పంపిన లిన్ ఇంజనుకి కూడా 2017లో కొత్త జోడు తయారైంది. అప్పట్లో ఇంగ్లీషువాళ్ళు అమెరికా నుంచి ఇంజను ఎందుకు తెప్పించుకున్నారంటే, ఇంగ్లండు ఇంజనీరింగ్ కార్ఖానాల్లో పెద్ద గొడవలు జరిగి పని నిలిచిపోయింది.

బండి దిగాక అమ్మాయీ అల్లుడూ కారులో ముందు వెళ్ళారు. నేను నడుస్తానన్నాను. పాత దారి చాలావరకు ఇప్పుడు రైతుల సొంత పొలాల్లో ఉంది, దానిమీద అడుగుపెట్టకూడదు. అందుకని పక్క సందులూ కాలిబాటలూ పట్టుకుని, కట్ట ఎక్కడ కనబడుతుందా అని చూసుకుంటూ పోవాలి. గొర్రెలు మేస్తున్న వాలు మీద ఒక్కసారిగా ఎవరో బద్ద పెట్టి గీసినట్టు ఒక చదునైన గీత కనబడుతుంది. కొండకి చదునైన గీత ఉండదు కదా, మనిషి తవ్వితేనే వస్తుంది. కీమన్ కొడుకుని గనక నాకు దాన్ని పోల్చుకోవడం కష్టం కాలేదు. పారకూం ఊరి దగ్గర లోయని ఒక్కసారిగా దాటలేక, కొండ నడుము చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో తిరిగింది ఆ లైను. ఎదుటి వాలు మీద ఆ వంపంతా చెక్కుచెదరకుండా ఉంది. పక్కన సెయింట్ పెట్రాక్ పాత చర్చి. వాన జోరైంది. నా దగ్గరున్న గొడుగు గాలికి తిరగబడింది. దారి తప్పి ఒక పొలం గేటు దగ్గర ఆగిపోతే, ట్రాక్టరు మీద వెళుతున్న రైతు ఆపి, ఎక్కడికని అడిగాడు. పాత రైలు దారి చూస్తున్నానన్నాను. నేనెవర్నో ఏ దేశంవాణ్ణో అడగలేదు. చేయి చాచి, 'అదిగో, ఆ ముళ్ళపొద వెనక వంతెన ఉంది' అన్నాడు. ఎనభై నాలుగేళ్ళ కిందట పోయిన రైలుని, తనకి ఊహ తెలియకముందే పోయినదాన్ని, నిన్నటిదన్నట్టు చెప్పాడు.

మర్నాడు కారులో చెల్ఫమ్ వెళ్ళాం. అక్కడ ఎనిమిది కమానుల వంతెన ఉంది, లేత పసుపు ఇటుకలతో, డెబ్బై అడుగుల ఎత్తు. కింద రోడ్డుమీద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పెడుతుంది. రెండడుగుల గేజు బండి కోసం ఇంత కట్టారా అనిపిస్తుంది. 2000లో దాన్ని మరమ్మతు చేశారు. పైన పట్టా లేదు, ఇటుకల సందుల్లో పిచ్చిమొక్క మాత్రం ఒక్కటీ లేదు. రేపెప్పుడో బండి రావాలని సిద్ధం చేసి పెట్టుకున్న వంతెన అది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వుడీ బేలో ఒక కుర్రాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, బండి వెళ్ళిపోయాక పట్టాలమీదికి దిగి వరసగా చూసుకుంటూ పోవడం మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందు మెదిలింది. వంగుతున్నాడు, తాకుతున్నాడు, లేస్తున్నాడు. అతనికి జీతం లేదు, బీటు లేదు, పెన్షను రాదు. మైలు పట్టాయే అతనికి లోకం. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నది బండి ఆగినందుకు కాదని అప్పుడు తోచింది. మర్నాడు పొద్దున ఆ కీలు తట్టేవాడు ఉండడని. ముప్ఫై ఏళ్ళు తను చెవితో కాపాడిన లైనుని ఇక ఎవరూ వినరని.

మన పాత దారిని చాలావరకు కొత్త లైను కలిపేసుకుంది. నడుస్తున్న రైలు కట్టమీద మనం నడవలేం, నడవకూడదు కూడా. డెవన్‌లోలా రైలు తిరిగి నడపమని నేను అడగడం లేదు. కానీ వాళ్ళు మొదలుపెట్టింది రైలుతో కాదు, ఎవరి పెరట్లో ఏముందో అడగడంతో. మన ఇళ్ళల్లోనూ ఉంటాయి. అటకమీద లాంతరు, పెట్టె అడుగున పెళ్ళివారు బండి దిగుతున్న ఫొటో, టైంటేబులు కాగితం, తాతగారి జీతం చీటీ. పనిచేసిన వాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళ ఇళ్ళకి నేను వస్తాను, ఫోనులో రికార్డు చేసుకుంటాను. తెంబూరు వాళ్ళు ముందు చేయి ఎత్తారు, చాలా సంతోషం. గ్రంథాలయంవారు ఒక బీరువా ఇస్తామన్నారు.

ఖాళీ బీరువా బాగుండదని నేను రెండు తెచ్చాను. ఇది వుడీ బే టికెట్టు. ఇది పాతపట్నం నుంచి నౌపడకి, నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లోది. ఆ రోజు గేటు దగ్గర ఎవరూ అడగలేదు, జేబులోనే ఉండిపోయింది. అంచు అరిగింది గానీ ఊరి పేరు చదవొచ్చు. పిల్లలూ, దగ్గరికి రండి. చేత్తో పట్టుకుని చూడండి, ఫరవాలేదు.